బొగ్గులే ఉన్న తాడు

ఎక్కినప్పటికంటే వేగంగా దిగుతోంది ఉన్‌బోంగ్ అవ్వ. అరవై ఆరేళ్ళ మనిషి, పైగా కుడి మోకాలు వాన రాకముందే కబురు చెప్పే మనిషి, ఆ కొండదారిలో ఆగి ఆగి దిగాలి. కానీ కోపం వస్తే ఆమెకు మోకాలు గుర్తుండదు. చంకలో గుడ్డమూట ఉంది. అందులో ఉడకబెట్టిన కత్తెర, మెలివేసిన నూలుదారం, పాత చొక్కాలు చింపి ఉతికిన పొత్తిగుడ్డలు. ముడి విప్పకుండానే మూట ఇంటికి తిరిగొస్తోంది. నలభై ఏళ్ళ మంత్రసానితనంలో ఇలా జరగడం ఇదే మొదటిసారి.

సగం దారిలో, వచ్చేపోయేవాళ్ళు తలా ఒక రాయి వేసి పెంచిన రాళ్ళగుట్ట ఉంది. వాగు పక్కనుంచి వచ్చే దారి అక్కడే కొండదారిలో కలుస్తుంది. గుట్ట దగ్గర ఉప్పుచేపల గంప దించుకుని ఒక మనిషి కూర్చుంది. ఆమెది సముద్రం పక్కన బోల్‌గ్యో. పుట్టింటి ఊరిపేరే ఆడదాని పేరయ్యే ఆ లోయలో ఆమెను అందరూ బోల్‌గ్యో అనే పిలుస్తారు. గంపలో చేపలెన్ని ఉంటాయో నోట్లో కబుర్లూ అన్ని ఉంటాయి.

“ఏంటక్కా, అప్పుడే వెనక్కొస్తున్నావు? రెండో కాన్పంటే మరీ ఇంత తేలికా?”

ఉన్‌బోంగ్ అవ్వ ఒక రాయి ఏరి గుట్ట మీదికి విసిరింది. అందరూ పెడతారు, ఆమె విసిరింది. తర్వాత కూర్చుని, అడగకుండానే అంతా చెప్పింది. తెల్లవారుజామున బామ్‌గోల్ నుంచి దోక్‌పాల్ పరిగెత్తుకుంటూ వచ్చి, భార్య ఓక్‌బున్‌కి నొప్పులు మొదలయ్యాయన్నాడు. రెండోది కదా, మధ్యాహ్నానికి వస్తాను, నువ్వు పోయి నీళ్ళు మరిగించమని అతన్ని పంపేసింది. కత్తెర ఉడకబెట్టి, ఇంత గంజి తాగి బయల్దేరింది. కొండ మీదికి చేరి కిందికి చూస్తే ఏముంది, దోక్‌పాల్ ఇంటి వాకిలికి అడ్డంగా పురిటితాడు వేలాడుతోంది. బిడ్డ పుట్టేసింది. బొడ్డు ఎవరో కోసేశారు.

“ఎవరో ఏంటి, ఆ సైకిలు పిల్ల” అంది ఉన్‌బోంగ్ అవ్వ. పట్నం నుంచి సర్టిఫికెట్టు తెచ్చుకుని, సైకిలు మీద ఊళ్ళు తిరిగే కొత్త మంత్రసాని గురించి. “పిలుచుకున్నారు, మంచిదే. ఆ మాట పొద్దున్నే చెప్పి ఏడిస్తే నా మోకాళ్ళు మిగిలేవి.”

మాటల్లో కనిపించని భయం ఒకటి ఆమెలో ఉంది. నాలుగేళ్ళ కిందట ఓక్‌బున్ తొలిచూలు అప్పుడు రెండు పగళ్ళూ ఒక రాత్రీ నొప్పులు పడింది. బిడ్డ దక్కాక నెత్తురు ఆగలేదు. పరుపుగా వేసిన గడ్డి తడిసింది, దాని కింద చాప తడిసింది. ఓక్‌బున్ పెదవులు బియ్యం కడుగు రంగుకు తిరిగాయి. ఆ రోజు ఉన్‌బోంగ్ అవ్వ పిడికిలి బిగించి ఆ పిల్ల పొత్తికడుపును ఎంతసేపు నొక్కి పట్టిందో, తర్వాత మూడు రోజులు చేత్తో గరిటె పట్టలేకపోయింది. అందుకే ఈసారి తానే ఉండాలనుకుంది.

“తాడు నేనూ చూశా” అంది బోల్‌గ్యో. “వాళ్ళ దడి పక్కనుంచే వచ్చా. తాడు చూశాక లోపలికి పోకూడదు కదా, ఒక్క చేపా అమ్ముడుపోలా. అవునుగానీ, ఆ ఇంట్లో ఏం పుట్టిందక్కా?”

“తాడు చూశానంటివిగా.”

“చూశాను కాబట్టే అడుగుతున్నా. ఒట్టి బొగ్గులే కట్టాడు. మిరపకాయా లేదు, పైన్ రెమ్మా లేదు. మగాడూ కాదు, ఆడపిల్లా కాదు, మరేం పుట్టినట్టు?”

ఉన్‌బోంగ్ అవ్వ కళ్ళు చిన్నవయ్యాయి. కొండ మీదినుంచి తాడు కనిపించింది గాని, తాడుకున్నవి కనిపించే వయసు కాదు ఆమెది. మగబిడ్డయితే ఎర్ర మిరపకాయలు గుచ్చుతారు, ఆడబిడ్డయితే పైన్ రెమ్మలు. బొగ్గులు ఇద్దరికీ ఉంటాయి. ఒట్టి బొగ్గుల తాడు ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు, వినలేదు.

“నాచు చారు వాసన వచ్చిందా?”

బోల్‌గ్యో ఆలోచించింది. రాలేదంది. బాలింత ఉన్న ఇంట్లో సముద్రపు నాచు ఉడికే వాసన వీధి చివరిదాకా వస్తుంది. పైగా ఆ నాచు పోయిన నెల తానే తెచ్చి ఇచ్చింది, పురిటి నాచుకున్న ఆచారం ప్రకారం మడతపెట్టకుండా, ముక్క చేయకుండా, బేరం లేకుండా. దాని వాసన తనకు తెలియదా?

“ఓక్‌బున్ జోళ్ళు కనబడ్డాయా?”

కనబడ్డాయి. అరుగు ముందు రాతిమెట్టు మీద తెల్ల రబ్బరు జోళ్ళు, ముందువైపు వాకిలికి తిరిగి ఉన్నాయి. పురిటి గదిలోకి వెళ్ళే ఆడది తన జోళ్ళను తానే అలా తిప్పి పెట్టి, వాటిని మళ్ళీ తొడుగుతానా లేదా అని ఒకసారి చూసుకుని లోపలికి వెళ్తుంది.

“బిడ్డ ఏడుపు?”

“లేదు. మూలుగు వినబడింది. బాలింత మూలుగు అనుకున్నా.”

ఉన్‌బోంగ్ అవ్వ లేచింది. పిలవని ఇంటికి పోవడం ఆమె వంశంలో లేదు. పరువుకి, తెలుసుకోవాలన్న కోరికకి మధ్య ఆమె రాళ్ళగుట్ట చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. తర్వాత కొండ వైపు నడిచింది.

“ఏం పుట్టిందో నాకు చెప్పి పోవాలి. ఇక్కడే ఉంటా” అని వెనకనుంచి బోల్‌గ్యో అరిచింది.

ఉన్‌బోంగ్ అవ్వ అసలు పేరు గాన్‌నాన్. అంటే ఇప్పుడే పుట్టినది అని. వరుసగా నలుగురు ఆడపిల్లల తర్వాత ఐదోది కూడా ఆడపిల్లే అయితే, పేరు పెట్టే ఓపిక ఎవరికీ లేక, మొదటి రోజు అన్న మాటే ఉండిపోయింది. పండ్లూడిన వయసులోనూ రిజిస్టరులో ఆమె ఇప్పుడే పుట్టినదే. పదహారేళ్ళకి పెళ్ళయింది. ఇరవై రెండేళ్ళకు ఒక ఆడపిల్ల. ఆ పిల్లకు రెండేళ్ళు నిండకముందే మొగుడు కూలికని జపాను బొగ్గుగనులకు వెళ్ళాడు. ఒక ఉత్తరం వచ్చింది, అదీ వేరేవాళ్ళ చేత రాయించింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. గని మింగిందో, మరో ఆడది మింగిందో ఆ లోయలో ఎవరికీ తెలియదు.

మంత్రసాని అవుదామని ఆమె అనుకోలేదు. ఒక మంచు రోజున పక్కింటామెకు నొప్పులు వస్తే ఊరికే చూడ్డానికి వెళ్ళింది. తన కాన్పులో తనకేమీ కనిపించలేదట. కళ్ళు మూసుకుని పళ్ళు బిగబట్టి ఉంటే పని అయిపోయిందట. అసలు ఏం జరుగుతుందో చూడాలనిపించిందట. వెళ్ళేసరికి అత్తగారు మంచులో జారి వాకిట్లో పడి ఉంది, లోపల బిడ్డ తల కనిపిస్తోంది. చూడ్డానికి వెళ్ళిన మనిషి పట్టుకోవాల్సి వచ్చింది. అప్పటినుంచి మూడు ఊళ్ళ పిల్లల్ని ఆమె చేతులే మొదట పట్టుకున్నాయి.

ఆమెకు ఒక అలవాటుంది. రెండో కాన్పు అయిన ప్రతి ఆడదాన్నీ ఒకటే అడుగుతుంది, మొదటిదానికీ దీనికీ ఏంటి తేడా అని. తనకు రెండోది లేదు కాబట్టి తెలియదు. తెలియనిది ఆమెకు పంటిలో ఇరుక్కున్న పీచు. జవాబులన్నీ గుర్తుపెట్టుకుంది. ఒకామె, మొదటిసారి చీకట్లో వాగు దాటినట్టుంది, ఈసారి వెలుతురులో దాటాను, లోతు కనబడేసరికి ఇంకా భయమేసింది అంది. ఇంకొకామె, పోయినసారి పైకప్పు వాసాలు లెక్కపెడితే పదకొండే తేలాయి, ఈసారి పన్నెండున్నాయి అంది. ఒకామె సొరబుర్ర తీసుకుని మొహాన కొట్టింది. దాన్ని కూడా ఉన్‌బోంగ్ అవ్వ జవాబు కిందే జమకట్టుకుంది.

వాగు దాటి దోక్‌పాల్ వాకిలి ముందుకొచ్చేసరికి పొద్దు గామ్ చెట్ల మీదికి వాలింది. పండ్లు ఎర్రబడి ఉన్నాయి. తాడు దగ్గరగా చూసింది. ఎడమకి పేనిన కొత్తగడ్డి తాడు, నాలుగు బొగ్గుముక్కలు, మధ్యలో ఖాళీ. మామూలు తాడు కుడికి పేనుతారు. ఏళ్ళ తరబడి కుడికి తిరిగిన చేతులు ఎడమకి తిరగమంటే మొరాయిస్తాయి. దోక్‌పాల్ తాడు ఒకచోట లావుగా, ఒకచోట ఎలుకతోకలా ఉంది. గుమ్మానికి వేపమండలు కట్టే దేశాలున్నాయి, గడపలో ఇనుపముక్క దాచే దేశాలున్నాయి. బామ్‌గోల్‌లో ఈ తాడు. ఇది కట్టాక ఇరవై ఒక్క రోజులు పరాయి మనిషి లోపల అడుగుపెట్టకూడదు.

లోపలినుంచి ఓక్‌బున్ మూలుగు వినిపించింది. అది బాలింత మూలుగు కాదు. చెవి ఉన్నవాళ్ళకు ఆ తేడా తెలుస్తుంది.

దోక్‌పాల్ వాకిట్లో నిలబడి ఉన్నాడు. మొహం పాలిపోయింది. “ఇంతసేపా అవ్వా? మధ్యాహ్నం అన్నావుగా” అన్నాడు.

“ఈ తాడేంట్రా?”

అతను చెప్పుకొచ్చాడు. ఇవాళ ఊళ్ళో ఎడ్లబండి తోలే ముసలాయన్ని కొండ మీద పాతిపెడుతున్నారు. పాడె మోసినవాళ్ళు కొండనుంచి దిగుతూ, చివరి ఇల్లు కాబట్టి ఎప్పుడూ తన ఇంట్లోనే ఆగి ఒక గిన్నెడు బియ్యపు కల్లు తాగి పోతారు. చావు చూసిన కాళ్ళు ఇవాళ లోపలికి రాకూడదని ముందే తాడు కట్టాడు. బిడ్డ ఇంకా పుట్టలేదు కాబట్టి ఒట్టి బొగ్గులే కట్టాడు.

“ముందే కట్టమని నీకెవర్రా చెప్పింది?”

“నువ్వే కదవ్వా.”

ఉన్‌బోంగ్ అవ్వకు గుర్తొచ్చింది. నాలుగేళ్ళ కిందట ఆ నెత్తుటి సాయంత్రం, చావింటి నుంచి వచ్చిన మేనమామ ఒకడు తెలియక లోపలికి వచ్చాడు. అది కూడా కాన్పయ్యాక వచ్చాడు, అతనికీ నెత్తురికీ ఏ సంబంధమూ లేదు. కానీ ఆ భయంలో ఎవరినో ఒకరిని తిట్టాలనిపించి, ముందే తాడు కట్టి ఏడ్చుంటే ఈ గతి పట్టేది కాదు కదా అని దోక్‌పాల్ మీద అరిచింది. అరిచి మర్చిపోయింది. అతను నాలుగేళ్ళు ఆ మాటను కడుపులో పెట్టుకున్నాడు.

“తాడు కింద నుంచి రా అవ్వా, నువ్వు పరాయిదానివా?” అన్నాడతను.

పోయినేడు కానుకలు పట్టుకొచ్చిన ఊరిపెద్దను ఇలాంటి తాడు దగ్గరే ఆపి, కానుకలు తీసుకుని మనిషిని వెనక్కి పంపింది ఉన్‌బోంగ్ అవ్వ. పురిటికి మొదటినుంచీ లోపల ఉన్న మంత్రసాని ఇంటిమనిషి కింద లెక్క. తాడు కట్టాక వచ్చిన మంత్రసాని ఎవరి కింద లెక్కో ఎవరూ చెప్పలేదు, అలాంటిది ఎప్పుడూ జరగలేదు కాబట్టి. తాడు విప్పితే? పుట్టని బిడ్డకు కట్టిన తాడు విప్పడమంటే ఆ బిడ్డను తెచ్చే దేవత సామ్‌సిన్ అవ్వకు, వద్దులే తల్లీ అని చెప్పినట్టు.

ఆమె తాడు వైపు చూసింది, ఇంటి వైపు చూసింది. తర్వాత గోడ వెంట గబగబా ఇంటి వెనక్కి నడిచింది. అక్కడ గోడ లేదు. కూరగాయల మడికి కట్టిన పుల్లల దడి ఉంది.

“దడి పీకు” అంది.

“మొన్ననే కట్టానవ్వా.”

“పీకరా.”

అతను పీకాడు. రెండు బారల దడి ముల్లంగి మడిలో పడింది. ఉన్‌బోంగ్ అవ్వ లంగా ఎత్తి పట్టుకుని, మూట చంకలో పెట్టుకుని, ముల్లంగి ఆకులు తొక్కుకుంటూ వంటింటి గుమ్మంలోంచి లోపలికి వెళ్ళింది.

గదిలో వెచ్చటి నేల మీద గడ్డి పరిచి ఉంది. ఓక్‌బున్ వెల్లకిలా పడుకుని అత్తగారి చెయ్యి పట్టుకుని ఉంది. తెల్లవారుజాము నుంచీ నొప్పులు వస్తున్నాయి, పోతున్నాయి, బిడ్డ మాత్రం దిగడం లేదని అత్తగారు ఏడుపు గొంతుతో చెప్పింది. ఓక్‌బున్ అవ్వను చూసి, “తాడు చూసి తిరిగి వెళ్ళిపోయావేమోననుకున్నా” అంది. ఉన్‌బోంగ్ అవ్వ ఆ మాట విననట్టు చేతులు కడుక్కుంది.

కడుపు తడిమింది. బిడ్డ తల కిందికే ఉంది గాని, మొహం ఆకాశం వైపుంది. అందుకే నడుములో అంత నొప్పి, అందుకే ఈ ఆలస్యం. ఓక్‌బున్‌ను లేపి మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, పరుపుచుట్ట మీదికి వంగి పడుకోమంది. నడుము మీద రెండు అరచేతులూ ఆనించి ప్రతి నొప్పికీ గట్టిగా నొక్కింది. బిడ్డకు దారి దొరకాలని, ఇంట్లో మూసి ఉన్నవన్నీ తెరవమని బయటికి కేక వేసింది. దోక్‌పాల్ జాడీల మూతలు, బీరువా సొరుగులు, బియ్యపు కుండ, ఆఖరికి కోళ్ళగూడు కూడా తెరిచాడు. అత్తగారు మాత్రం, వాకిలికి అడ్డంగా తాడు కట్టి ఊరుకుంటే బిడ్డ ఎటునుంచి వస్తుందని మొదటినుంచీ అనుకుంటున్నానంది. మరి ఆ మాట ముందే అనచ్చుగా అంటే, మగవాళ్ళ పనిలో నేనెందుకని ఊరుకున్నానంది.

బిడ్డ మొహం తిరిగింది దడి పీకినందుకా, ఓక్‌బున్ బోర్లా తిరిగినందుకా అని ఆ ఊళ్ళో తర్వాత చాలాకాలం వాదించుకున్నారు. ఉన్‌బోంగ్ అవ్వను అడిగితే, రెండూ చేశాను, ఏది పనిచేసిందో తెలియాలంటే ఇంకోసారి ఒకటే చేసి చూడాలి, మీ కోడల్ని పంపుతావా అనేది.

కొండనీడ వాకిట్లోకి వచ్చేసరికి బిడ్డ పుట్టింది. ఏడ్చింది కూడా. ఉన్‌బోంగ్ అవ్వ బొడ్డు కట్టి కోసి, బిడ్డను తుడవకుండానే తల్లి రొమ్ముకు అందించింది. అసలు భయం ఇప్పుడే. మాయ పడింది. దాని వెనకే నెత్తురు వచ్చింది. ఆమె పిడికిలి పొత్తికడుపు మీద పెట్టి నొక్కింది. గడ్డి తడిసింది. అత్తగారు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

“ఓక్‌బున్, నన్ను చూడు. ఒకటి అడుగుతా, చెప్పు. పోయినసారికీ ఈసారికీ ఏంటి తేడా?”

“ఇప్పుడా అవ్వా?”

“ఇప్పుడే. నువ్వు చెప్పేదాకా నేను పోను.”

ఆ ప్రశ్న ఒట్టి ఆరాటమని ఊరంతా అనుకుంటుంది. ఆరాటమే. కానీ నెత్తురు పోయే మనిషి మాట్లాడుతున్నంతసేపూ ఇక్కడే ఉన్నట్టు, మాట తడబడితే చెయ్యి ఇంకా గట్టిగా నొక్కాలని ఆమెకు తెలుసు. ఏది ముందు మొదలైందో, ఆరాటమో ఉపాయమో, ఆమెకే గుర్తులేదు.

ఓక్‌బున్ చూపు పైకప్పు మీదికి పోయింది. ఉన్‌బోంగ్ అవ్వ మళ్ళీ గద్దించింది.

“పోయినసారి నేను చచ్చిపోతానేమోనని భయమేసింది” అంది ఓక్‌బున్ మెల్లగా. “ఈసారి జోళ్ళు తిప్పి పెట్టేటప్పుడు ఆ భయం రాలేదు. మా కుమ్‌హీ జడ గుర్తొచ్చింది. దాని జుట్టు నున్నగా ఉంటుంది, జారిపోతుంది. తడిచేత్తో పట్టుకుని అల్లాలి. ఆ సంగతి అత్తయ్యకి చెప్పలేదే అనుకున్నా. రేపు పొద్దున దాని జడ ఎవరు వేస్తారా అని ఒకటే దిగులు. నాకోసం మాత్రం ఏం అనిపించలా. ఇది జవాబేనా అవ్వా?”

గోడ దగ్గర అత్తగారు కళ్ళు తెరిచి, తడిచేత్తోనా అంది.

ఉన్‌బోంగ్ అవ్వ పిడికిలి కింద పొత్తికడుపు కొబ్బరికాయలా గట్టిపడింది. నెత్తురు తగ్గింది. ఇంకా కాసేపు నొక్కే ఉంచింది, అవసరం లేకపోయినా. ఒక్క కూతురున్న తల్లి ఆమె. ఆ కూతురు ఎప్పుడో పెళ్ళై పూసాన్‌లో ఉంది. దాని జడ వేసినన్నాళ్ళూ ఇంకెవరు వేస్తారన్న ప్రశ్న ఆమెకు ఎప్పుడూ రాలేదు, వేయడానికి ఇంకెవరూ లేరు కాబట్టి.

బయటికొచ్చేసరికి దోక్‌పాల్ అరుగు ముందు నిలబడి ఉన్నాడు. పక్కన నాలుగేళ్ళ కుమ్‌హీ, జుట్టు విరబోసుకుని. ఉన్‌బోంగ్ అవ్వ చెయ్యి చాపింది. అతను చొక్కా జేబులోంచి మూడు ఎర్ర మిరపకాయలు తీసి అరచేతిలో పెట్టాడు. పొద్దుటినుంచీ ఆ జేబులోనే ఉన్నట్టున్నాయి, మెత్తబడిపోయాయి.

“ఇవి కూరలో వేసుకో” అంది ఆమె. “పోయి పైన్ రెమ్మ తీసుకురా.”

అతను మిరపకాయల్ని చూశాడు, లోపలి గది వైపు చూశాడు. “ఆమె?” అన్నాడు.

“ఉంది. నీ పెద్దదాని జడ గురించి మాట్లాడుతోంది.”

దోక్‌పాల్ కొండవైపు పరిగెత్తాడు. పైన్ రెమ్మలు ఒకటి సరిపోతుంది, నాలుగు తెచ్చాడు. ఉన్‌బోంగ్ అవ్వ వెనక దడి సందులోంచి బయటికొచ్చి, చుట్టూ తిరిగి వాకిలి ముందుకొచ్చి, తాడు మధ్యలో ఖాళీగా ఉన్నచోట వాటిని గుచ్చింది. అప్పటికి వంటింట్లోంచి నాచు చారు వాసన వచ్చింది. అత్తగారు మూడు గిన్నెల అన్నం, మూడు గిన్నెల చారు సామ్‌సిన్ అవ్వ ముందు పెట్టి దణ్ణం పెట్టుకుంటోంది. దిగులుగా పెట్టుకుందో ఊరటగా పెట్టుకుందో వీపు చూస్తే తెలియలేదు.

ఉన్‌బోంగ్ అవ్వ మళ్ళీ వెనకనుంచే లోపలికి వచ్చి మూట కట్టుకుంది. అరుగు మీద కుమ్‌హీ కూర్చుని ఉంది. ఆ పిల్ల వెనక కూర్చుని, నీళ్ళ కుండలో చెయ్యి ముంచి, జుట్టు మూడు పాయలు చేసింది. నిజమే, నున్నటి జుట్టు, జారిపోతోంది. తడిచేత్తో పట్టుకుంటే నిలిచింది. కొసన తన మూటలోని నూలుదారం ముక్కతో ముడి వేసింది. లోపల ఓక్‌బున్ మొదటి చెంచా చారు తాగిన చప్పుడు వినిపించింది. రాతిమెట్టు మీద తెల్ల జోళ్ళు అలాగే వాకిలి వైపు తిరిగి ఉన్నాయి.

“అవ్వా, అన్నం తిని పో” అని దోక్‌పాల్ వాకిట్లోంచి పిలిచాడు. ఆమె అప్పటికే ముల్లంగి మడిలో ఉంది. అత్తగారు గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి దడి సందు దాటింది. వాగు దగ్గర ఒకసారి ఆగి, వంగి, ఒక నున్నటి రాయి ఏరుకుంది. రాళ్ళగుట్ట దగ్గర బోల్‌గ్యో ఇంకా ఉందో లేదోనన్నట్టు కొండవైపు చూసి, వెనక్కి తిరగకుండా నడిచింది.